తెరమీద "పూర్తి" అని ఉంది, మరి డబ్బు ఎక్కడ?

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో పాలకవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో పొదుపు ఎంత, అప్పులు ఎంత, వసూలు ఎంత అని చదువుతాం. మీరు చప్పట్లు కొడతారు. భోజనాలు చేసి ఇళ్లకు వెళ్తాం. ఆ అంకెలు ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో అచ్చు వేయించాం, తీరిగ్గా చూసుకోండి. ఈసారి మాకిచ్చిన సమయంలో వేరే సంగతి చెప్పదలిచాం. ఆ అంకెలు ఎక్కడెక్కడినుంచి వస్తాయి, వాటిని ఒకచోట ఎట్లా కలుపుతాం, కలిపేటప్పుడు మేము ఏమేం తప్పులు చేశాం అన్నది. ఇందులో మేము ఒప్పుకోవాల్సిన తప్పు కూడా ఒకటుంది. అదే ముందు చెప్తాం.

జనవరి సమావేశంలో జరిగింది

సంక్రాంతి అయ్యాక పెట్టిన సమావేశం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆఫీసు గోడకు కొత్తగా టీవీ బిగించాం. దాంట్లో డాష్‌బోర్డు చూపించాం. ఆటో నడిపేవాళ్ల ముందు ఒక పలక ఉంటుంది కదా, బండి ఎంత వేగంతో పోతోంది, ఆయిల్ ఎంత ఉంది అని ఒక్క చూపులో తెలిసేట్టు. డాష్‌బోర్డు అంటే అదే. అప్పు అర్జీలు, బీమా కాగితాలు, పాసుపుస్తకంలో పేరు సవరణలు, ఫిర్యాదులు, ఇట్లా సమాఖ్య ఆఫీసుకు వచ్చినవన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తే, ఎన్ని వచ్చాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఎన్ని మిగిలాయి అని ఆ తెర చూపిస్తుంది. పూర్తయినవి పచ్చరంగు, మిగిలినవి ఎరుపు. ఆ రోజు తెర దాదాపు అంతా పచ్చగా ఉంది. మాకు గర్వంగానే ఉంది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక అక్క లేచింది. "మా తోడికోడలు పోయి ఐదు నెలలైంది. బీమా కాగితాలు ఈ ఆఫీసులోనే ఇచ్చాం. మీ టీవీలో పూర్తి అని ఉందంటున్నారు. మరి డబ్బు ఎక్కడ?" అంది.

మా దగ్గర జవాబు లేదు.

ఆ చనిపోయిన చెల్లి మన సంఘం సభ్యురాలే. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కింద ఏడాదికి 436 రూపాయలు ఆమె ఖాతాలోంచి కోతపడింది. సభ్యురాలు పోతే నామినీకి 2 లక్షలు రావాలి. నామినీ ఆమె కూతురు, డిగ్రీ చదువుతోంది. బీమా డబ్బు వస్తుందని నమ్మి, ఆ పిల్ల ఫీజు కోసం ఈ అక్క బయట మూడు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చింది. అంటే నెలకు 600 రూపాయలు. మా తెరమీద పచ్చరంగు వెలుగుతున్నన్నాళ్లూ ఆవిడ నెలనెలా ఆ 600 కడుతూనే ఉంది.

మర్నాడే ఫైలు తీశాం. సంగతి ఏమిటంటే, కాగితాలు బ్యాంకుకు పంపగానే మా ఆఫీసులో "పూర్తి" అని కొట్టేస్తున్నాం. మా చేతిలో పని అయిపోయింది కాబట్టి పూర్తి. కానీ కాగితాలు రెండు వారాలకే వెనక్కి వచ్చాయి. బీమా కాగితంలో పిల్లకు ఇంట్లో పిలిచే పేరు రాశారు, ఆధార్‌లో అసలు పేరుంది. రెండూ కలవలేదు. వెనక్కి వచ్చిన సంగతి తపాలా రిజిస్టరులో ఉంది. ఆ రిజిస్టరు బీరువాలో ఉంది. తెరకూ బీరువాకూ మాటల్లేవు.

ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ అబద్ధం రాయలేదు. రెండు పుస్తకాలూ నిజమే చెప్తున్నాయి. వాటిని కలిపి చదివినవాళ్లు లేరు, అంతే. ఆ అక్కకు ఈ సభ ముందు మరోసారి క్షమాపణ చెప్తున్నాం.

"పూర్తి" అంటే ఎవరికి పూర్తి?

మన సభ్యురాలి కూతురు ఒకమ్మాయి హైదరాబాదులో ఒక కంపెనీలో హెల్ప్‌డెస్కు పని చేస్తుంది. ఉగాదికి ఊరొచ్చినప్పుడు రెండు రోజులు మా ఆఫీసులో కూర్చుంది. వాళ్ల దగ్గర ఎవరి కంప్యూటరు పాడైనా, ఎవరికి ఏం కావాల్సి వచ్చినా సర్వీస్‌నౌ అనే సాఫ్ట్‌వేరులో ఒక టికెట్ రాస్తారట. మన అర్జీ లాంటిదే. ఆ టికెట్‌కు దశలుంటాయి: కొత్తది, పని జరుగుతోంది, ఆగి ఉంది, పరిష్కరించాం, ముగిసింది. "పరిష్కరించాం" వేరు, "ముగిసింది" వేరు. పనిచేసినవాళ్లు పరిష్కరించాం అంటారు. అడిగినవాళ్లు సరే అన్నాకే అది ముగుస్తుంది. అడిగినవాళ్లు ఏమీ చెప్పకపోతే కొన్ని రోజులు చూసి అదే మూసుకుపోయేట్టు కూడా పెట్టుకుంటారట.

మొదటి మాట మాకు నచ్చింది. రెండోది వద్దనుకున్నాం. మన అక్కలు ఏమీ చెప్పలేదంటే పని అయిపోయిందని అర్థం కాదు. ఆటో ఖర్చు పెట్టుకుని మళ్లీ మళ్లీ తిరగలేక ఊరుకున్నారని అర్థం. అందుకే ఇప్పుడు మన అర్జీలకు నాలుగు దశలు పెట్టుకున్నాం: అందింది, పంపాం, వెనక్కి వచ్చింది, చేతికందింది. డబ్బు గానీ కాగితం గానీ సభ్యురాలి చేతికందిందని ఆమె నోటితో, గ్రామ సంఘం సమావేశంలో చెప్పాకే పచ్చరంగు. అది తీర్మానం రాసి పెట్టాం.

దీనివల్ల ఒకటి జరిగింది. మరుసటి నెల తెరమీద పచ్చరంగు బాగా తగ్గిపోయింది. చూసిన అధికారులు "మీ పని మందగించిందేమిటి" అని అడిగారు. పని మందగించలేదండీ, లెక్క నిజమైందని చెప్పాం.

పుస్తకాలు కలపడంలో నేర్చుకున్నవి

మన లెక్కలు ఒకచోట ఉండవు. పొదుపు సంఘం పుస్తకంలో ఉంటుంది. బ్యాంకు అప్పు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది. గ్రామ సంఘం ఇచ్చిన అప్పు వేరే లెడ్జరులో, బీమా మరో జాబితాలో, అర్జీలు ఆఫీసు కంప్యూటరులో. ఇవన్నీ కలిపితేనే ఒక సభ్యురాలి పరిస్థితి తెలుస్తుంది. కలపడం మాత్రం వియ్యం అందుకోవడమంత జాగ్రత్తగా చేయాలి. మాకు ఎదురైనవి చెప్తాం, మీ గ్రామ సంఘంలో లెక్కలు చూసే వీఓఏలు శ్రద్ధగా వినాలి.

మొదటిది, పేరుతో కలపకూడదు. ఒకే సంఘంలో ముగ్గురు లక్ష్ములు ఉంటారు. ఒక పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. ఇంగ్లీషులో రాసేసరికి ఒక్కో ఆఫీసులో ఒక్కో స్పెల్లింగు. అందుకే సంఘం కోడు, దాని తర్వాత సభ్యురాలి నంబరు, ఈ రెంటితోనే కలపాలి. ఆ నంబరు ప్రతి పుస్తకంలో ప్రతి పేరు ముందూ ఉండాలి. మీ నంబరు మీకు తెలుసా? తెలియకపోతే ఈరోజు ఇంటికి వెళ్లేముందు మీ వీఓఏను అడిగి పాసుపుస్తకం అట్ట లోపల రాయించుకోండి.

రెండోది, ఖాతా నంబర్ల సంగతి. ఎక్సెల్ షీటులో ఖాతా నంబరును మామూలు అంకెలా కొడితే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఇంకా దారుణం, ఎక్సెల్ 15 అంకెల వరకే సరిగా గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల నంబరు కొడితే చివరి అంకెను సున్నా చేసేస్తుంది. ఒకే రోజు ఒకే బ్యాంకులో ఖాతాలు తెరిచిన రెండు సంఘాలు ఉన్నాయనుకోండి, చివరి అంకె ఒక్కటే తేడా. షీటులో రెండూ ఒకటైపోతాయి. ఒక సంఘం కట్టిన వాయిదా ఇంకో సంఘం పేరు మీద పడుతుంది. కట్టినవాళ్లు బకాయిదారులవుతారు. నంబర్లు కొట్టకముందే ఆ గడి మొత్తాన్ని "టెక్స్ట్" అని మార్చుకోవాలి. తర్వాత మార్చితే పోయిన అంకె తిరిగి రాదు.

మూడోది, రెట్టింపు లెక్క. ఒక సభ్యురాలికి పొదుపు 6,000 ఉంది. ఆమెకు రెండు అప్పులున్నాయి, ఒకటి బ్యాంకుది, ఒకటి గ్రామ సంఘానిది. పొదుపు జాబితానూ అప్పుల జాబితానూ కలిపితే ఆమె పేరు రెండు వరసల్లో వస్తుంది. రెండు వరసల్లోనూ పొదుపు 6,000 అని పడుతుంది. కింద కూడితే 12,000. మేము మొదటిసారి కలిపినప్పుడు పొదుపు పెరిగిందని సంబరపడ్డాం. సంఘం పుస్తకంలో కోశాధికారి చేత్తో వేసిన కూడికతో సరిచూస్తే అసలు సంగతి బయటపడింది. ఇప్పుడు పొదుపు కూడిక విడిగా, అప్పుల కూడిక విడిగా వేసి, ఒక్కొక్కరికి ఒక్కో వరస చేశాకే కలుపుతున్నాం. కలపకముందు మొత్తం ఎంత, కలిపాక ఎంత అని రెండూ రాసి సరిచూస్తున్నాం. కాకిలెక్కలకు మందు అదే.

నాలుగోది, తారీఖులు. 04-05 అని రాస్తే మనకు అది మే 4. కంప్యూటరు సెట్టింగు వేరేగా ఉంటే ఏప్రిల్ 5 అనుకుంటుంది. సకాలంలో కట్టినదీ లేనిదీ తారీఖును బట్టే తేలుతుంది, వడ్డీ రాయితీ దాన్ని బట్టే వస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాయండి. ఇంకొకటి, సంఘం పుస్తకం సమావేశం రోజు వరకే ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంటు నెలాఖరు వరకు ఉంటుంది. రెండూ ఒకే తారీఖుకు తెచ్చి కలపాలి. "ఏ తారీఖు వరకు" అని రాయని అంకెను ఇకమీదట మా సభలో చదవం.

ఐదోది, శాతాల సగటు. ఒక గ్రామ సంఘం 20,000 కట్టాల్సి ఉంటే 10,000 కట్టింది, అంటే 50 శాతం. ఇంకో గ్రామ సంఘం 2,00,000 కట్టాల్సి ఉంటే 1,90,000 కట్టింది, 95 శాతం. రెండు శాతాలూ కలిపి సగం చేస్తే 72.5 వస్తుంది. నిజానికి మొత్తం 2,20,000లో 2,00,000 వసూలైంది, అది దాదాపు 91 శాతం. ఏది రాసినా రెండు అంకెలూ వెంట ఉండాలి, కట్టాల్సింది ఎంత, కట్టింది ఎంత. శాతం ఒక్కటే చెప్తే అడగండి. ఇంకో మాట, ఆ 91 శాతం కింద 50 శాతం దగ్గరున్న ఊరు కనపడకుండా పోతుంది. ఆ ఊరికే కదా మనం ముందు వెళ్లాల్సింది.

జతపడని వారి జాబితా

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. రెండు జాబితాలు కలిపినప్పుడు కొన్ని పేర్లు ఇటు ఉంటాయి, అటు ఉండవు. కలవనివి తీసేయమంటే కంప్యూటరు నిమిషంలో తీసేస్తుంది. షీటు నున్నగా కనపడుతుంది. ఇంతకుముందు మేమూ అదే చేశాం.

ఇప్పుడు ఆ మిగిలినవారిని విడిగా ఒక కాగితం మీద రాస్తున్నాం. ఎవరున్నారో చూడండి. పొదుపు కడుతున్నా బీమా జాబితాలో పేరు లేని అక్క. వలస పోయి తిరిగొచ్చి వేరే సంఘంలో చేరిన చెల్లి. చనిపోయినా ఇంకా పేరు మీద అప్పు నడుస్తున్న ఆవిడ. ఖాతా ఒక ఊళ్లో, సంఘం ఇంకో ఊళ్లో ఉన్న కొత్త కోడలు. మన అవసరం అందరికన్నా వీళ్లకే ఎక్కువ. నున్నటి షీటులో కనపడనిది కూడా వీళ్లే. జనవరిలో లేచి అడిగిన అక్క తోడికోడలి కాగితాలూ ఇట్లాంటి జాబితా ఒకటి మా దగ్గర ఉండి ఉంటే సెప్టెంబరులోనే దొరికేవి.

ఇది మన ఒక్క మండలం సంగతి అనుకోకండి. పెద్దవాళ్లకు 2010 గుర్తుండే ఉంటుంది. మైక్రోఫైనాన్స్ కంపెనీలు మన రాష్ట్రంలో ఇంటింటికీ అప్పులిచ్చాయి. ఏ కంపెనీ లెక్క చూసినా వసూళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కడుతున్నారని ఏ ఒక్క లెక్కలోనూ కనపడలేదు, ఎందుకంటే ఒక మనిషి మీద మొత్తం ఎన్ని అప్పులున్నాయో కలిపి చూసినవాళ్లు లేరు. ఆత్మహత్యల వార్తలొచ్చాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో మాలెగాం కమిటీ అప్పుల వివరాలన్నీ ఒకచోట చేర్చే క్రెడిట్ బ్యూరోలు ఉండాలని చెప్పింది. 2016లో రిజర్వు బ్యాంకు మన సంఘాల సభ్యుల వివరాలు కూడా ఆ బ్యూరోలకు ఇవ్వాలని బ్యాంకులకు చెప్పింది. అంటే మన పుస్తకంలో తప్పు పడితే అది మన పుస్తకంలోనే ఆగదు. రేపు మీరు ఇల్లు కట్టుకోవడానికి అప్పు అడిగినా వెంట వస్తుంది.

కంప్యూటరుకు తెలియనిదీ ఒకటుంది. వసూలు నూటికి నూరు అని ఉన్నా, ఆ వాయిదా ఎక్కడినుంచి తెచ్చి కట్టారో తెర చెప్పలేదు. అది మన సమావేశంలోనే తెలియాలి. అందుకే ఇకమీదట ప్రతి సంఘం సమావేశంలో ఒక ప్రశ్న అడుగుదాం: "ఈ వాయిదా దేనితో కట్టావమ్మా? పాల డబ్బా, కూలి డబ్బా, బయట వడ్డీ డబ్బా?" సిగ్గుపడకుండా చెప్పుకోవాలి. బయట వడ్డీ డబ్బు అయితే సంఘం అంతర్గత అప్పు ముందు ఆమెకే.

ఏది చూపాలి, ఏది దాచాలి

అన్నీ కలిపాక అన్నీ ఒకచోట కనపడతాయి. అదీ ఒక ప్రమాదమే. ఎవరికి జబ్బు ఉంది, ఎవరి భర్త వదిలేశాడు, ఎవరు బకాయి ఉన్నారు అన్నవి గోడమీద పెట్టే సంగతులు కావు. మండలం తెరమీద గ్రామ సంఘం వరకే అంకెలుంటాయి, పేర్లు ఉండవు. పేర్ల జాబితా ఆ గ్రామ సంఘం పాలకవర్గం చేతిలోనే ఉంటుంది. ఆధార్ నంబరు పూర్తిగా ఎక్కడా చూపించం, చివరి నాలుగు అంకెలే. జాబితాలు ఫోను గ్రూపుల్లో పంపడం నిషేధమని తీర్మానం చేశాం. ఓటీపీ అడిగితే మా ఆఫీసువాళ్లయినా సరే చెప్పకండి.

చదువురాని అక్కలు మనలో ఇంకా ఉన్నారు. వాళ్లకోసం ప్రతి గ్రామ సంఘంలో చార్టు కాగితం మీద అవే నాలుగు గడులు గీసి, ఒక్కో అర్జీకి ఒక్కో బొట్టుబిళ్ల అంటిస్తున్నాం. అర్జీ కదిలినప్పుడల్లా బొట్టుబిళ్ల ముందు గడిలోకి వెళ్తుంది. వెనక్కి వచ్చిన గడిలో బొట్లు ఎక్కువైతే ఏ అక్కయినా వేలు పెట్టి అడగొచ్చు. మొదట నవ్వుకున్నాం గానీ, టీవీ చూసి అడిగినవాళ్లకన్నా ఈ చార్టు చూసి అడిగినవాళ్లే ఎక్కువ.

మీరు అడగాల్సినవి

ఇకమీదట ఎవరు ఏ అంకె చదివినా, మేమైనా, అధికారులైనా, మూడు మాటలు అడగండి. ఇది ఏ తారీఖు వరకు? ఇందులో ఎవరిని లెక్కేశారు, ఎవరు మిగిలిపోయారు? పూర్తయిందని ఎవరు చెప్పారు, మీరా, ఆ అక్కా? అడిగితే కోపగించుకునేవాళ్లను వచ్చే ఎన్నికల్లో పాలకవర్గంలోకి పంపకండి. మాకూ అదే వర్తిస్తుంది.

చివరగా ఆ పిల్ల సంగతి. ఆధార్‌లో, బీమా కాగితంలో పేరు ఒకటేనని చూపించే కాగితాలు తయారు చేయించి, ఏప్రిల్‌లో మళ్లీ పంపాం. ఈసారి మా ఆఫీసు బేరర్లు ఇద్దరు వెంట వెళ్లి రసీదు తెచ్చారు. వాళ్ల సంఘం అంతర్గత అప్పు ఇచ్చి బయట తెచ్చిన 20,000 తీర్పించింది, ఇప్పుడు ఆ అక్క రూపాయి వడ్డీ కడుతోంది, అదీ తన సంఘానికే. డబ్బు ఇంకా రాలేదు. నిన్న సాయంత్రం కూడా చూశాం, తెరమీద ఆ అర్జీ "పంపాం" గడిలోనే ఉంది. ఈ సభకు పెద్దలొస్తున్నారని దాన్ని పచ్చగా చేయలేదు. ప్రతి సోమవారం బ్యాంకుకు ఫోను చేసి ఏమన్నారో తారీఖు వేసి రాస్తున్నాం. చేతికందిందని ఆ పిల్ల వచ్చి మనకు చెప్పిన రోజున రంగు మారుస్తాం.

అంతవరకు అడుగుతూనే ఉండండి అక్కా. సెలవు.